భరతమాత వేషం వేసిన అంజమ్మక్క

అంజమ్మక్క పోయింది.

నిన్న పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసి "మామా, అమ్మ లేదు" అంది. డబ్బింగ్ థియేటర్ మెట్ల మీద అలాగే కూర్చుండిపోయాను. మొన్న ఆదివారమే నా షుగర్ గురించి ఫోన్లో తిట్టింది.

సాయంత్రానికి పోస్టులు మొదలయ్యాయి. "మన భరతమాత ఇక లేరు" అని. కింద ఒక ఫొటో.

ఆ ఫొటో అక్కది కాదు. అక్క భరతమాత వేషం వేసిన సినిమాలో హీరోయిన్‌ది.

లైకులు, దండం పెట్టే బొమ్మలు. ఒక్కరూ గమనించలేదు.

ఈ పోస్టుకు నేను పెట్టిన ఫొటో అక్కది. కుట్టుమిషన్ ముందు కూర్చున్నావిడే.

మిగతాది కూడా రాస్తాను. ఇన్నాళ్లూ దాచినవాళ్లలో నేనొకణ్ణి.

ఎనభైల చివర. నేను ఏలూరు నుంచి వచ్చి అసిస్టెంట్ డైరెక్టర్‌గా క్లాప్ కొడుతున్న రోజులు. కృష్ణానగర్‌లో నా పక్కగది అక్కది. జూనియర్ ఆర్టిస్ట్. గుంపులో నిలబడే పని. మనిషి పొడుగు, మొహంలో ఒక నిండుదనం. అందుకని దేవత వేషం ఉంటే ఆమెకే కబురొచ్చేది. ఆ రోజు అక్క ఉపవాసం. కాలికి చెప్పులుండవు.

ఒక మే నెలలో దేశభక్తి పాట షూటింగ్. ఫిల్మ్‌నగర్ వెనక ఇప్పుడు బంగళాలున్న చోట అప్పుడన్నీ బండలే. పెద్ద బండ మీద భరతమాతగా అక్క, చేతిలో జెండా. కింద తెల్లచీరల్లో అరవైమంది ఆడవాళ్లు.

పొద్దున్నే డైరెక్టర్ అక్కకు హారతిచ్చాడు. కాళ్లకు దండం పెట్టాడు. "ఇది సినిమా కాదు, దేశసేవ" అని మైకులో చెప్పాడు.

నాకు ఒళ్లు జలదరించింది. నిజంగానే.

పదకొండు దాటేసరికి బండ పెనంలా కాలుతోంది. "షాట్ లేనప్పుడైనా చెప్పులేసుకో అక్కా" అన్నాను.

"అమ్మ వేషం మీదున్నది తమ్మీ. చెప్పులెట్ల ఏసుకుంట?"

నీళ్లడిగింది. మేకప్ పోతుంది, షాట్ అయ్యాక ఇద్దామన్నాడు ప్రొడక్షన్ మేనేజర్. కింద ఉన్నవాళ్లకు ఆ మాట కూడా చెప్పలేదు. డైరెక్టర్ గొడుగు కింద మాత్రం కొబ్బరిబొండాలు కొడుతున్నారు.

ఏడో టేకులో అక్క తూలింది.

"జెండా, జెండా పట్టుకోండిరా" అని మైకులో డైరెక్టర్ అరుపు.

అందరికంటే దగ్గరున్నది నేనే. అక్క ఒక పక్కకు ఒరుగుతోంది. జెండా ఇంకో పక్కకు.

నేను జెండా పట్టుకున్నాను.

అక్క బండ మీద పడింది. మోచేయి చీరుకుపోయింది. యూనిట్ మొత్తం చప్పట్లు కొట్టింది. నాకు. డైరెక్టర్ వచ్చి కౌగిలించుకుని "వీడిలో దేశభక్తి ఉందయ్యా" అన్నాడు. ఆ రోజు మొదటిసారి ఆయన పక్కన కూర్చుని భోంచేశాను. ముద్ద బాగానే దిగింది. ఇప్పుడు రాస్తుంటే రోత పుడుతోంది. అప్పుడు పుట్టలేదు.

మధ్యాహ్నం మళ్లీ పిలిచారు. మోచేతికి గుడ్డ కట్టుకుని అక్క వచ్చింది. జెండా ఇవ్వబోతే తీసుకోలేదు.

"నేను నిలబడ్త సారు. ముందుగాల గా ఆడోళ్లను జర నీడకు కూసోబెట్టుండ్రి. నీళ్లు తెప్పియ్యుండ్రి. అందాంక జెండా పట్ట."

"దేశభక్తి పాట తీస్తుంటే నీళ్ల గొడవేంటమ్మా?" అన్నాడు డైరెక్టర్.

"గీళ్లు దేశం కాదా సారు?"

నేను క్లాప్ బోర్డు మీది అక్షరాలు చూస్తూ నిలబడ్డాను.

కాసేపటికి నీళ్ల డ్రమ్ము వచ్చింది. అందరూ తాగాక అక్క తాగింది. తర్వాత బండెక్కి, పెదవులు కదపాల్సిన పని లేకపోయినా పాట మొత్తం పాడింది. ఒక్క టేకులో ఓకే అయింది.

మర్నాడు స్టూడియోలో అదే చీర హీరోయిన్‌కి కట్టి క్లోజప్‌లు తీశారు. దూరం షాట్లలో అక్కను ఉంచి మొహం మాత్రం మార్చేశారు. "దానికి పొగరు" అన్నాడు డైరెక్టర్.

ఆ క్లోజప్‌లకూ నేనే క్లాప్ కొట్టాను. సాయంత్రం అక్క పెట్టిన జొన్నరొట్టె తిన్నాను. విషయం చెప్పలేదు.

సినిమా రిలీజయ్యాక అక్కే నన్ను థియేటర్‌కి తీసుకెళ్లింది. పాట రాగానే జనం లేచి నిలబడ్డారు. కొందరు చెప్పులు విడిచారు. అక్క కూడా లేచి చేతులు జోడించింది. పాట అయిపోయేదాకా అలాగే ఉంది. తెర మీద తన మొహం ఎక్కడా రాలేదు.

బయటికొచ్చాక అప్పుడు చెప్పాను. "నాకు ముందే తెలుసక్కా. ఆ షాట్లకు క్లాప్ కొట్టింది నేనే."

అక్క ఇంటివైపు నడక మొదలుపెట్టింది.

"పాట మంచిగున్నది తమ్మీ. గంతమంది లేసి నిలబడ్డరు. పాటదేం తప్పు?"

ఇంకో నాలుగడుగులు వేశాక, "నువ్వు ముందే చెప్పాల్సుండె" అంది.

ఆ మేనేజర్ అందరికీ ఏం చెప్పాడో గానీ అక్కకు పిలుపులు తగ్గాయి. తొంభైల్లో పూర్తిగా ఆగిపోయాయి. కాస్ట్యూమ్ కొట్టులో కుట్టుపని చేసుకుంది. ఏటా పంద్రాగస్టుకి మా గల్లీ పిల్లలకు అదే పాట నేర్పేది. "వీళ్ల కాలానికన్న మంచిగైతది" అనేది. ఊరికే అనలేదు, నమ్మింది.

నేను కో-డైరెక్టర్‌నయ్యాను. జెండా నేల తాకకుండా పట్టుకున్న కుర్రాడి కథ ఎన్ని ఫంక్షన్లలో చెప్పానో. ప్రతిసారీ చప్పట్లే. ఆ కథలో అక్క పడిపోయిందని ఒక్కసారీ చెప్పలేదు.

నిన్నటి పోస్టుల్లో ఆ మేనేజర్‌ది కూడా ఉంది. "మహాతల్లి" అని రాశాడు. కింద బూతులు టైప్ చేసి, మళ్లీ చెరిపేశాను. వాణ్ణి తిట్టడానికి నేనెవణ్ణి?

ఈ పొద్దున పాడె లేస్తుంటే వెనకే నిలబడిపోయాను. సినిమావాళ్లు ఎవరూ రాలేదు. మోయడానికి మనుషులు చాలలేదు. అయినా ముందుకెళ్లే మొహం లేదు నాకు. వాళ్లమ్మాయే వచ్చి చెయ్యి పట్టుకుంది.

"రా మామా. అమ్మకు భుజం పట్టు."

పట్టాను.

పోయిరా అక్కా. నీకు శాంతి దొరకాలి. నాకిప్పట్లో వద్దు.