తాపీ ఒడ్డున నా మట్టి డబ్బా

పదేళ్ల కిందట తాపీ నది ఒడ్డున ఒక పాత దిబ్బను లారీలు తవ్వుకుపోతుంటే, నల్లటి గింజలున్న మట్టిని డబ్బాకెత్తుకున్నాను. వేల ఏళ్ల నాటి మనుషుల తిండి ఇందులో ఉందని మా తెలుగు సంఘం సభలో చెబితే, నాతోపాటు బ్యాంకులో రిటైరైన సుబ్బారావు లేచి, ఎవరి పొయ్యి బూడిదో అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుకు జవాబు తేవడానికే ఈ ప్రయాణం.

ఆల్థాన్‌లో మా ఇంటి ముందు ఉదయం తొమ్మిదిన్నరకు ఆటో ఎక్కాను. తవ్వకాల శిబిరానికి రానూపోనూ తొమ్మిది వందలు. మట్టిని నీళ్లలో కలిపితే కాలిన గింజలు తేలతాయి, వడకట్టడానికి సన్నటి గుడ్డ తెమ్మని అక్కడ పాతకాలపు గింజలను పరీక్షించే హేతల్ ఫోన్‌లో చెప్పింది. సలాబత్‌పురాలో బట్టల బజారులో మీటరు అరవైకి దొరికింది. అక్కణ్ణించి కామ్రేజ్ దాటేదాకా ప్రతి గుంతకూ గుండె జారింది. డబ్బాను ఒళ్లోంచి దించలేదు. పాండేసర మిల్లు మానేసి ఆటో పట్టిన సిరిసిల్ల మల్లేశం అద్దంలో చూసి, "సారూ, మన్నుకు గింత భయమేంది? పసిపిల్లను దవాఖానకు తీస్కపోతున్నట్టు పట్టుకున్నరు," అన్నాడు. అందులో ఏమీ లేకపోతే ఏ మొహంతో సభకు వెళ్లాలా అన్నదే నా భయం. అతనికి చెప్పలేదు.

పన్నెండుకు చేరాం. హేతల్ మట్టిని బకెట్ నీళ్లలో కలిపి, తేలిన నల్లటి రేణువులను గుడ్డ మీదకు వంచింది. భూతద్దం పట్టుకుని ఒక్కో గింజనూ తిప్పి చూసింది. చివరికి సామలు అంది. పొయ్యి బూడిదేనా అని అడిగాను.

"అవును కాకా," అంది హిందీలో. "పొయ్యిలో పడి కాలిన గింజే కుళ్లకుండా మాదాకా వస్తుంది."

సుబ్బారావు మొహం ఊహించుకుంటుండగానే ఆమె చిన్న పట్టకారుతో పసుపుపచ్చని గింజనొకదాన్ని పైకెత్తింది. "ఇది కాలలేదు. మిరపగింజ. మిరప మన దేశానికి వచ్చింది నిన్నమొన్న, ఐదొందల ఏళ్ల కిందట. ఈ మట్టిని ఎవరు ఆరబెట్టారు?"

పనిమనిషి, మా మేడ మీద, అన్నాను.

నిరుడు ఎండాకాలం, డబ్బాకు చెమ్మ పట్టిందని, కారానికి మిరపకాయలు ఎండబోసిన చాప మీదే ఓ పక్కన ఆ మట్టిని పరిచింది నేను. నీడన, విడిగా ఆరబెట్టాలని నాలుగు పుస్తకాల్లో చదివినవాణ్ణి. సామలు పాతవే కావచ్చు గానీ, మీ మేడ మీది దుమ్ము కలిసిన మట్టిని ఆధారంగా రాయలేనని హేతల్ మెల్లగా చెప్పింది.

తిరుగుదారిలో డబ్బా ఖాళీ, భయం మాత్రం అలాగే ఉంది. సుబ్బారావుకు తెలిసింది ఓర్వలేనితనం ఒక్కటే, ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ ఆదివారం సభలో అతను అడిగేలోపు మిరపగింజ సంగతి నేనే చెప్పాలి. మట్టి తీసుకెళ్లేవాళ్లకు ఒక్క సలహా: తీసిన చోటు, లోతు చీటీ మీద రాసి సంచిలోనే ఉంచండి. ఆరబెట్టినవాళ్ల పేరు కూడా రాయండి, నిజమైన పేరు.