నోటీసిస్తే సర్టిఫికెట్ వచ్చింది

సాలూరులో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో మూడేళ్లు బుకింగ్ గుమస్తాగా చేశాను. మేనేజరు రోజూ డ్రైవర్లందరి ముందూ "నీకేటొచ్చునే? బుర్రంతా మట్టే!" అని అరిచేవాడు. విసిగిపోయి మానేశాను. తర్వాత రెండు చోట్ల ఉద్యోగం వచ్చినట్టే వచ్చి పోయింది. వాళ్లు ఫోన్ చేసి నా గురించి అడిగితే ఈ మేనేజరు "అది పనికిరాదు" అన్నాడట. ఆ రెండో చోటివాళ్లే చెప్పారు. ఒళ్లు మండి, విజయనగరంలో లాయరు గారి చేత పరువునష్టం నోటీసు పంపించాను.

ఈరోజు జవాబు వచ్చింది. భయపడ్డట్టున్నాడు, కంపెనీ ముద్ర కొట్టి మరీ రాశాడు: "సదరు ఉద్యోగిని మిక్కిలి సమర్థురాలు, నెమ్మదస్తురాలు. ఆమెను గూర్చి మేము ఎన్నడూ ఎవరితోనూ చెడుగా చెప్పియుండలేదు."

"అన్నీ అబద్ధాలేనండీ!" అన్నాను లాయరు గారితో.

లాయరు గారు ఒకటే నవ్వు. "ఎర్రి తల్లీ, కేసు సంగతి తరవాత సూద్దాం. ముందు దీన్ని జిరాక్సు తీయించు. ఇంతకన్నా మంచి సర్టిఫికెట్ నీకెవుడిస్తాడు?"

పది కాపీలు తీయించాను. రేపే ఇంటర్వ్యూ. మూడేళ్లు ఒళ్లొంచి పనిచేస్తే రాని మెచ్చుకోలు ఒక్క నోటీసుకి వచ్చింది. మీ మేనేజరు మిమ్మల్ని మెచ్చుకున్నాడా, ఇంకా నోటీసు ఇవ్వలేదా?