మళ్ల పోయి ఆ పై ఊరు చేరినా

షూ లేసు కట్టుకుందామని వంగి లేచేసరికి నాకు ఊపిరి అందలేదు. హిమాలయాల్లో మా నడకకు అది రెండో దినం, పొద్దున. గోడకు చెయ్యి ఆనించి నిలబడి, ఎవరైనా చూసినారేమోనని అటూ ఇటూ చూసినాను. భయం కంటే సిగ్గే ముందొచ్చింది.

ఎందుకు సిగ్గో చెప్పాల. నా పేరు నాగలక్ష్మి, నలభై నాలుగేండ్లు. వజ్రకరూరు దగ్గర గొర్లు కాసే ఇంట్లో పుట్టినాను. చిన్నప్పుడు నాయన వెంట మందను తోలుకుంటా పొద్దంతా ఎండలో నడిచినదాన్ని. నడకలో నన్ను మించినోళ్లు లేరని నా పొగరు. ఇప్పుడు యాడికి అనే ఊరి హైస్కూల్లో సోషల్ టీచరును. ఇన్నేండ్లూ మ్యాపులో హిమాలయాలు చూపించడమే గానీ కంటితో చూసింది లేదు. మా బడిలోనే హిందీ చెప్పే సరోజక్క, నేను ఎండాకాలం సెలవుల్లో ఐదు దినాల నడకకు పోయినాము. కొండల మీద ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడవడం, ఆ ఊర్లోనే ఎవరింట్లోనో దిగడం. ఐదో దినానికి అన్నిటికంటే పైనుండే ఊరు చేరాల.

మొదటి తప్పు నడక మొదలుపెట్టక ముందే చేసినాము. జీపులో ఒక్క దినంలోనే చాలా ఎత్తు ఎక్కేసినాము. ఒంటికి అలవాటు కావాల, రెండు దినాలు ఆగండని మా గైడ్ నోర్బు చెప్పినాడు. ఆగితే సెలవులు చాలవని తోసేసింది నేనే.

రెండో దినం మధ్యాహ్నానికి పొడి దగ్గు మొదలైంది. చదును దారిలో కూడా పది అడుగులేసి ఆగుతాండా. నాకంటే ఎనిమిదేండ్లు పెద్దదైన సరోజక్క ముందు నడుస్తాంది.

"ఏమే, ఎనకబడితివి?" అని అడిగింది.

"గొంతులో దుమ్ము పడినాదిలే అక్కా" అన్నాను.

తల పగిలిపోతాంటే మాత్ర వేసుకున్నాను. ఆ మాటా చెప్పలేదు.

మూడో దినం పొద్దున, మేము దిగిన ఇంటి అవ్వ ఉప్పు వేసిన టీ తెచ్చిచ్చింది. గ్లాసు పట్టుకుని కూర్చున్నచోటే ఆయాసం. దగ్గితే చేతిగుడ్డలో గులాబి రంగు నురగ పడింది. ఊపిరి తీస్తే ఎదలో నీళ్లు కాగినట్టు గుడగుడమంటాంది. అవ్వ మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. ఆ గుడ్డ చూసి, గ్లాసు నా చేతిలోంచి తీసి పక్కన పెట్టి, బయటికి పోయి నోర్బును పిలుచుకొచ్చింది.

నోర్బు నా వేలికి, నెత్తుట్లో ఆక్సిజన్ ఎంతుండాదో చూపే పల్స్ ఆక్సీమీటర్ పెట్టినాడు. యాభై ఎనిమిది. తన వేలికి పెట్టుకుని చూపించినాడు. తొంభై. హిందీలో సరోజక్కతో గబగబా ఏమో చెప్పినాడు.

"ఇప్పుడే కిందికి దిగాలంట" అనింది అక్క.

"ఇంక రెండు దినాలే కదక్కా. ఈ పొద్దు పడుకుంటే రేపటికి సర్దుకుంటుంది."

"రేపటికి నువ్వుండవంటాడు. మీ నాయన ముందర నిలబడి ఏం చెప్పల్ల నేను? లెయ్."

నన్ను నడవనీయలేదు. అవ్వ వాళ్ల కంచరగాడిద మీద కూర్చోబెట్టినారు. నోర్బు ముందు పగ్గం పట్టుకున్నాడు, అక్క పక్కన నా నడుము పట్టుకుని నడిచింది. నోర్బు సంచిలోని ఆక్సిజన్ డబ్బా నా ఒళ్లో ఉండాది. ఎదురొచ్చేవాళ్లంతా దారి వదిలి నన్నే చూస్తాంటే, పెండ్లికొడుకు ఊరేగింపు మాదిరి ఉండాదే అని నవ్వొచ్చింది. ఆ నవ్వుకే దగ్గు తెర వచ్చి కండ్లు తిరిగినాయి. రోడ్డు చేరి, జీపెక్కి, బాగా కిందికి దిగినాక గానీ గుడగుడ తగ్గలేదు.

కింద టౌను ఆస్పత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది. రెండు ఊపిరితిత్తుల్లోనూ తెల్లటి మచ్చలు.

"హై ఆల్టిట్యూడ్ పల్మనరీ ఎడిమా. మేము హేప్ అంటాం. లంగ్స్‌లోకి నీరు చేరింది" అని చెప్పి ఆక్సిజన్ మాస్క్ పెట్టించింది. ఊపిరితిత్తుల్లో ప్రెషర్ తగ్గించే నిఫెడిపిన్ మాత్ర ఇచ్చింది.

గట్టి మనిషిని, నాకెట్ల వచ్చిందని సరోజక్కతో అడిగించినాను.

"గట్టివాళ్లే తొందరగా ఎక్కేస్తారు. బాగలేకపోతే దాచిపెడతారు. ఈమె దాచిందా?" అని అడిగింది డాక్టరమ్మ.

అక్క నా పక్క చూసింది. నేను తల తిప్పుకున్నాను.

ఆస్పత్రిలో చేరిన నాలుగో దినం ఆక్సిజన్ శాచురేషన్ తొంభై రెండుకొచ్చింది, పంపించినారు. ఇంటికొచ్చినాక అంతా అయిపోయిందనుకుంటే పది దినాలకు చలిజ్వరం. తాడిపత్రిలో ఎక్స్‌రే చూసి న్యుమోనియా అన్నారు. వారం సెలైన్లు, యాంటీబయాటిక్స్. బడి తెరిచినాక మేడమెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చున్న దినాలున్నాయి.

అప్పుడు మొదలైనాయి మాటలు. తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో పనిచేసే మా ఆయన వెంకటేశు "ఇంక కొండల పేరు ఎత్తొద్దు" అన్నాడు. ఆయన భయం నాకు అర్థమైంది. స్టాఫ్ రూములోని మాటలే ఓర్చుకోలేకపోయినా. ఈ వయసులో ఆడమనిషికి కొండలెందుకు మేడమ్ అని ఒక సారు జాలిపడినాడు.

"మీకు బీపీ, షుగరు కుర్చీలో కూర్చునే వచ్చినాయి కదా సార్. కుర్చీ మానుకోమని ఎవురన్నా చెప్పినారా?" అని అడిగినా. మళ్ల ఎవురూ ఆ మాట తీయలేదు.

జ్వరంతో పడుంటే చూడ్డానికి వచ్చిన నాయన మాత్రం మంచం పక్కన కూర్చుని "ఆడ గొర్లుండాయా? మేత ఎట్లుండాది?" అని అడిగినాడు. ఆడ చూసిందీ, నేను దాచిందీ చెప్పినాను. అంతా విని, "మందలో కుంటేది ఒకటుంటే దాని నడకకే మందను తోల్తాను నేను. ఆ పొద్దు కుంటేది నువ్వే. తెలిసీ చెప్పలేదు" అన్నాడు. నన్ను తిట్టినోళ్లందరిలో సరిగ్గా తిట్టింది ఆయనొక్కడే.

అనంతపురంలో కార్డియాలజిస్టుకు చూపించుకున్నాను. టూడీ ఎకో తీసి, గుండెలో హోల్ లేదు, ప్రెషర్ నార్మల్ అన్నాడు.

"మళ్ల పోవచ్చునా సార్?"

"ఒకసారి హేప్ వచ్చినవాళ్లకు మళ్ల వచ్చే రిస్క్ ఎక్కువమ్మా. వద్దని చెప్పడమే నాకు సులభం."

"సులభమైంది వద్దు సార్. ఎట్ల పోవాల్నో చెప్పండి."

ఆయన పెన్ను కింద పెట్టి నన్ను చూసినాడు. చాలాసేపు చెప్పినాడు. నిన్న పడుకున్న ఎత్తుకీ ఈ పొద్దు పడుకునే ఎత్తుకీ రోంత, కొంచెమే తేడా ఉండాల. మధ్యమధ్యలో ఊరికే కూర్చునే దినాలుండాల. ముందుజాగ్రత్త మాత్ర ఎప్పటి నుంచి వేసుకోవాల్నో రాసిచ్చినాడు. "తేడా వస్తే ఎంత దూరం పోయింటే అంత దూరమూ దిగాల. ఒప్పుకుంటారా?" అన్నాడు. ఒప్పుకున్నాను.

మళ్ల పోతానంటే వెంకటేశు నెల దినాలు ఒప్పుకోలేదు. ఆఖరికి ఒక ఆక్సీమీటర్ తెచ్చి నా చేతిలో పెట్టి, "ఫోను కలిసినచోటల్లా ఈ నంబరు చెప్పల్ల. దాచినావంటే నేనే వచ్చి ఎత్తుకొస్తా" అన్నాడు.

మరుసటేడు అదే దారిన, అదే అక్కతో, అదే నోర్బుతో పోయినాను. ఐదు దినాల దారికి పన్నెండు దినాలు పట్టింది. మూడో ఊరు దాటినాక తలనొప్పి మొదలైంది. నోరు కట్టేసుకోలేదు.

"అక్కా, తల నొస్తాంది."

ఆమె అక్కడే ఆగిపోయింది. వెనక్కి దిగి, కింది ఊర్లో రెండు దినాలు ఊరికే కూర్చున్నాము. కాలేజీ పిల్లోళ్లు మమ్మల్ని దాటుకుని పోతాంటే పోనిచ్చినాము. నొప్పి పూర్తిగా పోయినాకనే మళ్ల ఎక్కినాము.

పై ఊర్లో పన్నెండిండ్లు. ఇండ్లకు దిగువన పచ్చటి బార్లీ మడులు, పైన కొండల మీద మంచు. ఆక్సీమీటర్ ఎనభై ఐదు చూపించింది, ఆ ఎత్తుకు అది మంచి నంబరే. దగ్గు లేదు. "ఇంక ఏడువు, ఎవురూ లేరు" అనింది సరోజక్క. ఏడవలేదు. ఆ ఊరి సందులన్నీ తిరిగి, ఆకలేసి రెండు గిన్నెలు అన్నం పప్పు తిన్నాను.

ఇప్పుడు నేను బాగుండాను. దినామూ వేసుకునే మాత్రలేమీ లేవు. పొద్దున బడికి నడిచే పోతాండా, మేడమెట్లు ఆగకుండా ఎక్కుతాండా.

చదివేవాళ్లకు ఒకే మాట చెప్తా. ఎత్తు కొండల మీద కూర్చున్నచోటే ఆయాసం వచ్చిందంటే, ఆ నిమిషమే పక్కనుండే మనిషికి చెప్పి కిందికి దిగండి. మాత్ర వేసుకుని పడుకోవద్దు, రేపు చూద్దామనుకోవద్దు. దిగడానికి సిగ్గుపడొద్దు. నేను దిగినాను, అందుకే ఈ ఎండాకాలమూ పోతాండా.