ముసలి కాళ్ళకి గట్టి ఐసు

1982 మార్చి. న్యూయార్క్ రాష్ట్రంలో, కెనడా సరిహద్దుకి దగ్గరగా ఉన్న ఓ చిన్న ఊళ్ళో ఐస్ హాకీ స్టేడియానికి నేను రెఫ్రిజరేషన్ ఇంజనీరుని. అంటే ఆటగాళ్ళు ఆడుకునే ఐసుని గడ్డకట్టించి, అది కరిగిపోకుండా కాపలా కాసే ఉద్యోగం. అంతకుముందు కాకినాడలో చేపలకీ రొయ్యలకీ ఐసు దిమ్మలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేశాను. మా ఆవిడ సుగుణ నర్సు. తనకి ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం రావడంతో తన వెనకాలే నేనూ వచ్చాను. "అంత దూరం పోయి కూడా ఐసు ఫ్యాక్టరీయేనా దాసూ?" అని మా మేనమామ ట్రంక్‌కాల్ చేసి మరీ నవ్వాడు.

ఆయనన్నదాంట్లో అబద్ధం లేదు. అక్కడా కంప్రెసర్లే, ఇక్కడా కంప్రెసర్లే. అదే అమ్మోనియా ఘాటు. బ్రైన్ అంటే చిక్కటి ఉప్పునీళ్ళు. మామూలు నీళ్ళు గడ్డకట్టే చలిలో కూడా అవి పారుతూనే ఉంటాయి. కాకినాడలో ఆ బ్రైన్ తొట్టిలో నీళ్ళ డబ్బాలు ముంచి దిమ్మలు తీసేవాళ్ళం. ఇక్కడ కాంక్రీటు నేల లోపల గొట్టాల్లో బ్రైన్ తిప్పుతూ, పైన కొంచెం కొంచెంగా నీళ్ళు చల్లుకుంటూ పోతే అంగుళం మందాన ఐసు తయారవుతుంది. తేడా ఒక్కటే. చేపలు ఏనాడూ ఐసు బాగాలేదని నా దగ్గరికి రాలేదు. ఆటగాళ్ళు రోజూ వచ్చేవాళ్ళు.

ఆట చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. అడుగున సన్నటి ఉక్కు బ్లేడు బిగించిన స్కేట్లు తొడుక్కుని, ఐసు మీద జారుతూ, పక్ అనే రబ్బరు బిళ్ళని కర్రతో కొట్టి గోల్‌లోకి పంపాలి. మూడు పీరియడ్లు, మధ్యలో రెండు విరామాలు. విరామంలో రీసర్ఫేసర్ అనే బండి వచ్చి గీతలు పడిన పైపొరని గీకేసి, సన్నగా వేణ్ణీళ్ళు పరుస్తుంది. పాత ఐసుకి చన్నీళ్ళ కన్నా వేణ్ణీళ్ళే బాగా అతుక్కుంటాయి. మాది చిన్న లీగు, కాని జీతాలిచ్చే ప్రొఫెషనల్ జట్టే. కుర్రాళ్ళంతా ఇరవై, ఇరవై రెండేళ్ళవాళ్ళు. పెద్ద లీగు నుంచి ఎప్పుడు పిలుపొస్తుందా అని చెవులు రిక్కించుకుని ఉండేవాళ్ళు.

వాళ్ళ మధ్య వాల్ట్ ఒకడు. నలభై అయిదేళ్ళ మనిషి. ఆయన మొదటి జీతం అందుకునేనాటికి జట్టులో మిగతావాళ్ళెవరూ పుట్టనే లేదు. హెల్మెట్ పెట్టుకోవాలన్న రూలు రాకముందే ఆటలోకి వచ్చినవాళ్ళకి మినహాయింపు ఉండేది. అందుకని ఆయన నెరిసిన జుట్టు ఎంత దూరం నుంచైనా కనిపించేది. ఆయన డిఫెన్స్‌మన్, అంటే అవతలివాళ్ళు గోల్ వైపు రాకుండా అడ్డుపడే ఆటగాడు. ముక్కు ఎన్నిసార్లు విరిగిందో ఆయనకే గుర్తులేదు. ముందు పళ్ళు కట్టుడువి, ఆట రోజు వాటిని చొక్కా జేబులో వేసి లాకర్లో పెట్టేవాడు.

స్టేడియం మొత్తంలో వెచ్చగా ఉండే చోటు నా కంప్రెసర్ గది. ప్రాక్టీసుకి ముందు వాల్ట్ అక్కడికి కాఫీ పట్టుకుని వచ్చి, కుర్చీ మోటారు పక్కకి లాక్కుని మోకాళ్ళు కాచుకునేవాడు. మిగతావాళ్ళు ఐసు మీద నన్ను తిట్టడానికి వస్తే, ఈయన ప్రశ్నలు వేయడానికి వచ్చేవాడు. బ్రైన్ ఎందుకు గడ్డకట్టదు? ఇవాళ ఆ మూల ఐసు మీద జారడం బరువుగా ఎందుకుంది? నాకు ఆట రాదు, ఆయనకి యంత్రాలు రావు. అందుకే మాకు బాగా కుదిరింది. సుగుణ కట్టిచ్చిన పులిహోర ఓ రోజు ఆయనకి పెడితే, మిరపకాయ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ కూడా గిన్నె వదల్లేదు.

ఆ మార్చిలో మా జట్టుకి చావోరేవో తేల్చే మ్యాచి పడింది. శనివారం గెలిస్తే పై మెట్టు, ఓడితే ఇళ్ళకి. అవతలి జట్టంతా చిచ్చరపిడుగులు. సోమవారం మా మేనేజరు గ్యారీ నా గదిలోకి వచ్చాడు. ఆటగాళ్ళని పెట్టుకోవాలన్నా తీసేయాలన్నా ఆయన మాటే చెల్లేది.

"దాస్, శనివారం నాకు మెత్తటి ఐసు కావాలి. నాలుగైదు డిగ్రీలు పెంచు. ఆ పిల్లలు బురదలో పరిగెత్తినట్టు ఉండాలి."

ఇది కొత్త విద్యేమీ కాదు. వేగంగా ఆడే జట్టు వస్తోందంటే ఐసు మెత్తబరచడం అన్నిచోట్లా ఉన్నదే. సరేనన్నాను. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"వాల్ట్‌కి కూడా సాయం చేసినట్టుంటుంది. పోయిన మ్యాచిలో మూడో పీరియడ్‌కి ఆయన పని అయిపోయింది, చూశావుగా? వచ్చే ఏడాది కాంట్రాక్టు సంగతి ఈ శనివారం చూసి తేలుస్తానని ఆయనకి చెప్పేశాను."

నాకు సంతోషమేసింది. మర్నాడు పొద్దున్న వాల్ట్ వచ్చి కూర్చోగానే, శుభవార్త మోసుకొచ్చినవాడిలా చెప్పాను. "శనివారం మీకు మెత్తటి ఐసు. ఆ కుర్రాళ్ళు మీ స్పీడుకి దిగిరావాల్సిందే."

ఆయన కాఫీ కప్పు కింద పెట్టేశాడు. "ఎవరు చెప్పారు?"

"గ్యారీ. మీకు సాయంగా ఉంటుందని."

"సాయమా? నన్ను నిలువునా ముంచుతున్నారు."

నాకు అర్థం కాలేదు. నెమ్మదిగా కదిలే మనిషికి నెమ్మదైన ఐసుతో నష్టమేమిటి?

"చూడు దాస్. కుర్రాడి కాళ్ళల్లో ఇంజను ఉంది. ఐసు మెత్తబడితే వాడు ఇంకో రెండు తోపులు తోస్తాడు. చెమట పడుతుంది, అంతే. నాకు ఆ ఇంజను పోయి పదేళ్ళయింది. నేను ఒకసారి తోసి ఊరుకుంటాను. మిగతా దూరం ఐసే నన్ను మోసుకెళ్తుంది. మెత్తటి ఐసు మోయదు. అడుగడుక్కీ నేనే తోసుకోవాలి. పోయిన మ్యాచిలో మూడో పీరియడ్‌కి నేను ఎందుకు పడిపోయాననుకున్నావు? ఆ రోజు నీ ఐసు పాయసంలా ఉంది." ఆయన అన్నది సూప్ అని. నాకు మాత్రం పాయసమే తట్టింది.

ఆ మాట నిజమే. ఆ రోజు బయట ఎండ కాసింది, వర్షమూ పడింది. ఐసు నాకు లొంగలేదు. అది ఎవరి కాళ్ళని ఏం చేసిందో మాత్రం నేనెప్పుడూ ఆలోచించలేదు. ఐసుకి ఉష్ణోగ్రత చూస్తాం, మందం చూస్తాం. వయసుని బట్టి ఐసు మారుతుందని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఇంటికెళ్ళాక కూడా అదే ధ్యాస. "ఏంటండీ, అన్నంలో చెయ్యిపెట్టి అలా కూర్చుండిపోయారు?" అంది సుగుణ. చెప్పాను. తను నవ్వింది.

"దానికింత ఆలోచనేంటండీ! మా వార్డులో ఆపరేషనయిన పెద్దవాళ్ళని నున్నటి గచ్చు మీదే నడిపిస్తాం. పడితే దెబ్బ తగలదని ఇంట్లో వాళ్ళు మందపాటి కార్పెట్లు పరుస్తారా, దాని మీద కాలు ఈడవలేక వాళ్ళు మంచమెక్కేస్తారు. పాపం, ప్రేమతోనే పరుస్తారనుకోండి."

ఇక నాకు మనసాగలేదు. పరీక్షించి చూడాలనిపించింది. బుధవారం ప్రాక్టీసుకి ఐసుని బాగా గట్టిపరిచాను. వాల్ట్‌నీ, జట్టులో అందరికన్నా వేగమైన కెవిన్‌నీ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళమన్నాను. కెవిన్ ముందు చేరాడు, వాల్ట్ కాస్త వెనక. కాని వాల్ట్ కాళ్ళు కదిపింది కెవిన్ కదిపినదాంట్లో సగం కూడా లేదు. తర్వాత బ్రైన్ వేడి పెంచి, మధ్యాహ్నానికి ఐసు మెత్తబడ్డాక మళ్ళీ వెళ్ళమన్నాను. కెవిన్ దాదాపు అంతే వేగంగా వెళ్ళాడు, కొంచెం ఎక్కువ రొప్పాడు. వాల్ట్ సగం దూరంలోనే గస పెట్టడం మొదలుపెట్టాడు. గ్యారీని ముందే పిలిచి ఉంచాను. ఐసు చుట్టూ ఉన్న చెక్క కంచె మీద మోచేతులాన్చి, చూయింగ్ గమ్ నములుతూ రెండూ చూశాడు.

"చూశాను. ఒప్పుకుంటాను. మరి అవతలి కుర్రాళ్ళ సంగతేంటి? గట్టి ఐసు మీద వాళ్ళకి రెక్కలొస్తాయి."

వాల్ట్ ఇంకా రొప్పుతూనే అన్నాడు. "రానీ గ్యారీ. వాళ్ళు ఎంత స్పీడుగా వస్తారో నాకనవసరం. ఎక్కడికొస్తారో నాకు తెలుసు. అక్కడికి నన్ను చేరనివ్వు, చాలు."

గ్యారీ నోట్లో గమ్ తీసి కాగితంలో చుట్టాడు. "సరే, గట్టి ఐసే. కాని మూడో పీరియడ్‌లో నువ్వు ఆగిపోతే ఇక నన్ను ఏమీ అడగొద్దు."

"అడగను," అన్నాడు వాల్ట్. ఇద్దరూ నావైపు చూశారు. అప్పటిదాకా ఇది ఆయన గొడవ. ఆ చూపుతో నా మెడకీ చుట్టుకుంది.

గట్టి ఐసు చేయడం పెద్ద పని కాదు, నిలబెట్టడమే పని. గురువారం ఐసుని గీకి పల్చన చేశాం, అడుగున ఉన్న చల్లదనం పైదాకా రావడానికి. దీపాలు సగం ఆర్పేశాం. తలుపు తెరిచి ఉంచిన ప్రతివాడినీ కసిరాను. ఇంత చేస్తే, శనివారం పొద్దున్న లేచేసరికి బయట వెచ్చటి గాలి, చినుకులు. మార్చి నెల మార్చి నెల పనే చేసింది. టిక్కెట్లన్నీ అమ్ముడుపోయాయి. జనం వస్తే జట్టుకి ఆనందం, నాకు ఏడుపు. కూర్చున్న ప్రతి మనిషీ ఒక చిన్న కుంపటి.

రెండు పీరియడ్లు ఎలాగో గడిచాయి. చెరో రెండు గోల్స్. రెండో విరామంలో గేజీలు చూసుకుందామని నా గదికి పరిగెత్తాను. కంప్రెసర్ల హెడ్ ప్రెషర్, అంటే లోపలి గ్యాసు ఒత్తిడి, ఎగబాకుతోంది. ఐసులోంచి లాగిన వేడిని కండెన్సర్ బయటికి వదిలేయాలి. దాన్ని చల్లబరిచే నీళ్ళే వెచ్చబడిపోతే ప్రెషర్ పెరిగి, యంత్రం తనంతట తాను ఆగిపోతుంది. ఆగిందంటే ఆట ముగిసేలోపు ఐసు పాయసమే, వాల్ట్ ఇంటికే.

కాకినాడలో మే నెలలో ఇలాగే అయితే కండెన్సర్ తొట్టిలో ఐసు ముక్కలు పోసేవాళ్ళం. ఇక్కడ ఐసు ఎక్కడ తేను? అనుకుంటూనే వెనక తలుపు తోశాను. రీసర్ఫేసర్ బండి గీకిన పైపొరంతా తెల్లగా కొండలా పోగుపడి ఉంది. శీతాకాలమంతా అక్కడే పారబోస్తున్నాం. రోజూ దాన్ని తిట్టుకుంటూ దాటి వెళ్ళేవాణ్ణి.

బండి నడిపే స్టాన్‌ని కేకేశాను. "నీళ్ళు తక్కువ పరుచు, తడిగుడ్డతో తుడిచినట్టుండాలి. అది అవగానే పార పట్టుకుని వెనక్కి రా!" ఇద్దరం చినుకుల్లో నిలబడి ఆ పోగునంతా తవ్వి తొట్టిలో పోశాం. నా నడుం విరిగినంత పనయింది. ప్రెషర్ ముల్లు ముందు ఆగింది, తర్వాత మెల్లగా దిగింది. ఆటగాళ్ళు గీకిన ఐసే ఆటగాళ్ళ ఐసుని కాపాడింది.

తడిసిన బూట్లతో పరిగెత్తుకెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. మూడో పీరియడ్ సగం అయిపోయింది, మేం ఒక గోల్ ముందున్నాం. అవతలి కుర్రాడొకడు పక్ పట్టుకుని బాణంలా వస్తున్నాడు. వాల్ట్ వెనక్కి ఒకే ఒక్క తోపు తోశాడు. తర్వాత ఏమీ చేయలేదు. నిజంగానే ఏమీ చేయలేదు, నిలబడి జారుతున్నాడంతే. చూసేవాళ్ళకి బద్ధకంగా కూడా కనిపిస్తుంది. ఆ కుర్రాడు ఎక్కడికి రావాలనుకున్నాడో అక్కడికి వచ్చేసరికి, వాల్ట్ కర్ర అక్కడే ఉంది. పక్ పక్కకి పోయింది. ఇలా ఎన్నోసార్లు జరిగింది. ఆట అయిపోయేదాకా ఆయన బెంచీ మీద కూలబడలేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెనకే వచ్చిన స్టాన్‌తో చలికని అబద్ధం చెప్పాను.

మేం గెలిచాం. మర్నాడు పత్రికలో గోల్ కొట్టినవాళ్ళ పేర్లున్నాయి, వాల్ట్ పేరు లేదు. డిఫెన్స్‌మన్ బాగా ఆడితే ఏమీ జరగదు, ఐసు బాగున్నా ఏమీ జరగదు. ఏమీ జరగనిదాన్ని ఎవరు రాస్తారు? సోమవారం ఆయన మామూలుగానే కాఫీతో వచ్చి మోకాళ్ళు కాచుకున్నాడు. "ఒక ఏడాదికి ఇచ్చాడు," అన్నాడు. కప్పు కింద పెట్టి, "నేను ముసలివాణ్ణని ఎవరైనా నీకు ఐసు మెత్తబరచమంటే, ముందు నన్నడుగు" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఇంకో రెండు సీజన్లు ఆడాడు.

మేం తర్వాత టెక్సాస్‌లో ఇర్వింగ్‌కి వచ్చేశాం. అక్కడో కోల్డ్ స్టోరేజీలో చాలా ఏళ్ళు పనిచేశాను. నాకు అరవై దాటాక, కంపెనీలో నా పై ఆఫీసరు ఓ రోజు పిలిచి ఎంతో అభిమానంగా కూర్చోబెట్టాడు. కొడుకు వయసువాడు, మంచివాడు. "దాస్ గారూ, ఇంకా ఆ ప్లాంటులో నిచ్చెనలెక్కడం ఎందుకు? ఆఫీసులో ఓ కుర్చీ వేయిస్తాను. హాయిగా సంతకాలు పెట్టుకోండి," అన్నాడు. ఆ మాటలో ప్రేమ ఉంది. అందుకే ఒక్క క్షణం ఒప్పుకుందామనే అనిపించింది. కాళ్ళ కింద మెత్తగా ఏదో పరుస్తున్నట్టు కూడా అనిపించింది.

"నా పని తగ్గించకండి," అన్నాను. "ఆ తుప్పు పట్టిన నిచ్చెన తీసేసి మెట్లు కట్టించండి. గేజీల మీద మంచి లైటొకటి పెట్టించండి."

కట్టించాడు. ఇంకో ఆరేళ్ళు ఎక్కాను.