ఆగిన గానుగల ఫిట్టరు నూకరత్నం

గొర్లె నూకరత్నం ఐటీఐలో ఫిట్టరు కోర్సు చేరతానన్నప్పుడు వాళ్ళ చిన్నాన్న పడీపడీ నవ్వాడు. "ఫిట్సున్న పిల్ల ఫిట్టరవుద్దంట! రేపొద్దున డాట్రు ఫిట్టని రాయొద్దేటే?"

పద్నాలుగో ఏట ఆమెకు మూర్ఛ మొదలైంది. మాత్రలతో నెమ్మదించినా, అనకాపల్లిలో మా వీధివాళ్ళు మాత్రం ఆమెను జబ్బుపేరుతోనే గుర్తుపట్టేవారు. అయినా ఆమె కోర్సులో చేరింది. ముప్ఫైమంది మగపిల్లల మధ్య ఒక్కతే. ఆమె ఆకురాయి పట్టి రుద్దితే ఇనుము అద్దంలా తేలేది.

విశాఖలో ఒక పంపుల కంపెనీ పిలిచింది. రాతపరీక్ష, చేతిపని రెండూ నెగ్గింది. మిగిలింది డాక్టరు గది.

"అలవాట్లేమైనా ఉన్నాయా?" తలెత్తకుండా అడిగాడాయన.

"ఉన్నాయండి. రోజూ ఒక మాత్ర."

"నేనడిగింది తాగుడూ పొగా గురించమ్మా."

"అయి లేవండి. నాకున్న అలవాటిదే. ఫిట్సు. ఆకరుసారొచ్చి అయిదేళ్ళయింది."

దాచమని తల్లి బతిమాలి పంపింది. ఈమె దాచలేదు. ఆయన కాగితం మీద 'అన్‌ఫిట్' అని రాశాడు.

"దేనికండీ?" అంది నూకరత్నం.

"దేనికేమిటి?"

"దేనికి తగనో అదీ రాయండి. నిచ్చినెక్కడానికా, లేతు తిప్పడానికా, కూకుని బేరింగు బిగించడానికా? ఒక్క ముక్కతో మనిషి మొత్తాన్ని కొట్టీకండి."

ఆయన రాయలేదు. ఆమె బయట బల్లమీద కూర్చుంది. సాయంత్రం ఆ గదికి తాళం వేసేదాకా అక్కడే ఉంది. ఉద్యోగం రాలేదు.

వారం తిరక్కుండా మా షెడ్డుకొచ్చింది. చెరకు గానుగలు బాగుచేసే షెడ్డు మాది. యజమాని సన్యాసిరావు గారు. లేతు మీద పని నాది.

"నాకు ఫిట్సున్నాయి. ముందే సెప్తన్నాను బాబూ."

ఆయన రెండు చేతులూ అడ్డంగా ఊపేశాడు. "తిరిగే మిషను కాడ నిన్నెట్టి నన్ను జైలుకెళ్ళమంటావేటి తల్లీ?"

"తిరిగేదాని కాడికి నానెందుకెల్తాను? ఆగిపోనాకే గదా మీకాడికి తెస్తారు!"

నాకు నవ్వాగక లేతు ఆపేశాను. ఆయన మాత్రం చాలాసేపు ఆలోచించి, నెల్లాళ్ళు చూద్దామన్నాడు. ఆ నెల్లాళ్ళు ఇరవై రెండేళ్ళయ్యాయి. మునగపాక రైతులు గానుగ దింపుతూనే "రత్నమ్మ ఉందా?" అని అడిగేవారు.

తొమ్మిదో ఏడు, గానుగలాడే రోజుల్లో, రెండు రాత్రులు నిద్రలేని పని పడింది. మూడోనాడు పొద్దున్నే పానా చేత్తో పట్టుకునే కూలిపోయింది. అందరం కంగారుపడ్డాం. పానా జారిపోతే, నేనే పరుగెత్తి తాళాల గుత్తి తెచ్చి ఆమె పిడికిట్లో కుక్కాను. కాసేపటికి కళ్ళు తెరిచి గుత్తివంక చూసింది.

"ఏటిది?"

"ఇనుము పెడితే ఆగుద్దని..."

"రాత్రంతా నా సేతిలో ఉన్నదేటి, అరిటిపండా? ఇనుముకంత మహత్యముంటే నాకసలు రానేకూడదు గదరా!"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అన్నేళ్ళు పక్కనే పనిచేసి ఒక్కసారీ ఏం చెయ్యాలని అడగలేదు నేను. నీళ్ళు తాగి ఆమే చెప్పింది: "పక్కకి తిప్పి పడుకోబెట్టండి. సేతిలో, నోట్లో ఏటీ ఎట్టకండి. అయిదు నిమసాల్లో ఆగకపోతే ఆస్పత్రికి మొయ్యండి. అంతే."

మర్నాడు సన్యాసిరావు గారు బిల్లుల బల్ల దగ్గర కొత్త కుర్చీ వేయించాడు. పురాణాలు చదివే మనిషి, మాటల్లో ఆ భాషే దొర్లుతుంది. "ఇక ఇక్కడ కూర్చో తల్లీ. నీకిదే ఉచితం."

"ఉచితంగా నాకేదీ వొద్దు బాబూ. పని సేసి కూలి పట్టికెల్లేదాన్ని."

"అది కాదే, తగినదీ అని..."

"తగిందేదో నా సేతులకి తెలుసు."

కుర్చీ ఎత్తి గుమ్మం బయట పెట్టింది. గానుగ తెచ్చిన ముసలి రైతు ఒకాయన అమ్మయ్య అంటూ అందులో చతికిలబడ్డాడు. నూకరత్నం అప్పటికే ఆయన గానుగ పక్కన గోనె పరుచుకుని, ఇరుసు ఎక్కడ అరిగిందో వేలితో తడిమి చూస్తోంది.