ఎద్దులు తిన్న లెక్కల నోట్‌బుక్కు

1985లో నేను ముదిగుబ్బ దగ్గరి ఒక పల్లెలో పదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. ఆ ఏడు వేరుశనగ విత్తనం భూమిలోనే మాడిపోయింది. వారం వారం హాజరుపట్టీలో కొన్ని పేర్లు ఆగిపోయేవి. వాళ్లు బెంగళూరులో మట్టి మోయడానికి పోయారని అర్థం. ఆదివారం ప్రార్థనకు మా క్రైస్తవ సంఘంలోనూ చాపలు ఖాళీగానే ఉండేవి.

అప్పట్లో పిల్లలకు లెక్కలకు రెండు పుస్తకాలుండేవి. ఒకటి రఫ్. రెండోది ఫెయిర్ నోట్స్, అంటే తనిఖీకి వచ్చే అధికారికి చూపడానికి బోర్డు మీది లెక్కను ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించుకునేది. నేను రెండూ తీసేసి ఒకటే నోట్‌బుక్కు పెట్టించాను. ముందు ఇండెక్స్, ఏ పాఠం ఏ పేజీలో ఉందో రాసుకోవడానికి. ఎడమ పేజీలో నేను చెప్పిన లెక్క. కుడి పేజీలో పిల్లలు సొంతంగా చేసింది. తప్పు చేస్తే రబ్బరు వాడకూడదు. ఒక్క గీత కొట్టి, ఎందుకు తప్పిందో కింద తమ మాటల్లో రాయాలి. ఒప్పుకున్న తప్పుకే విడుదల అని చిన్నప్పటి నుంచి బైబిలు వాక్యంలో విన్నదాన్ని. లెక్కలకూ అది వర్తిస్తుందని నమ్మాను.

సుంకమ్మ కుడి పేజీల నిండా గీతలే. కొద్దిపాటి మెట్ట, ఒక జత ఎద్దులు ఉన్న పెద్దన్న అనే రైతు కూతురు. పది పాసైతే నర్సు శిక్షణలో చేర్చుకుంటామని మిషన్ ఆసుపత్రి వాళ్లు మాట ఇచ్చారు. తప్పితే ఆమె కూడా మట్టి మోయాల్సిందే. ఆ నోట్‌బుక్కు పెట్టుకున్నాక ఆమె మెల్లగా పైకి వస్తోంది.

పరీక్షలు దగ్గర పడ్డాక ఒక పొద్దున ఖాళీ చేతులతో వచ్చింది.

“బుక్కు యాడ?” అన్నాను.

“ఎద్దులు తినినాయి టీచర్.”

తరగతి గొల్లుమంది. వెనక నుంచి ఓబులేసు అందుకున్నాడు. “ఇంక పరీక్ష ఆ ఎద్దే రాస్తాదిలే టీచర్!”

“రాయనీలే. నీకన్నా మంచి మార్కులే వస్తాయి దానికి,” అంది సుంకమ్మ. ఆ వెంటనే ముఖం కప్పుకుని ఏడ్చింది.

సాయంత్రం వాళ్లుండే కొట్టానికి పోయాను. సగం కప్పు లేదు. మేతకు కసువు దొరక్క పెద్దన్న కప్పు మీది బోదగడ్డినే పెరికి ఎద్దులకు వేస్తున్నాడు. తమ్ముళ్లు చింపుతారని సుంకమ్మ నోట్‌బుక్కును చూరులో దోపేది.

“తెల్లారుజామున చీకట్లో గుంజి ఏసినా టీచరమ్మా,” అన్నాడు పెద్దన్న నా వైపు చూడకుండా. “దాని సదువంతా ఆ కసువులోనే ఉండాదని నాకేం తెలుసు?”

కట్టుకొయ్య దగ్గర రెండు ఎద్దులూ ఎముకల గూళ్లలా నిలబడి ఉన్నాయి. వాటి కాళ్ల దగ్గర ఒక అట్టముక్క మిగిలింది.

తోటి పిల్లలు తమ పుస్తకాలు ఇస్తామన్నారు. నేను వద్దన్నాను. వాళ్ల పుస్తకం చూసి ఎక్కించుకుంటే అది మళ్లీ ఫెయిర్ నోట్సే అవుతుంది. బైబిల్లో మోషే చేతిలో ఆజ్ఞల పలకలు పగిలినప్పుడు దేవుడు వేరే పలకలు చెక్కించి మళ్లీ రాశాడు. కొత్త నోట్‌బుక్కు చేతికిచ్చి, గుర్తున్నదంతా నా ముందు కూర్చుని రాయమన్నాను.

ఇండెక్స్‌లో సగం పాఠాల పేర్లు కూడా రాలేదు. నేను చేయించిన లెక్కలు చాలావరకు పోయాయి. మొదట వచ్చింది కుడి పేజీయే. ‘మైనస్‌ను అవతలికి తీసుకుపోయి గుర్తు మార్చలేదు’ అని రాసింది. తరువాత ఇంకో తప్పు, దాని పక్కన ఇంకోటి. తప్పును పట్టుకుని లెక్కను, లెక్కను పట్టుకుని పాఠాన్ని వెనక్కి తెచ్చుకుంది. నేను చెప్పింది కాదు, తను చేసిన తప్పే ఆమెలో నిలిచింది. నా వృత్తిలో ఇంతకన్నా పెద్ద పాఠం నాకు ఎవరూ చెప్పలేదు.

కూలీలను తీసుకుపోయే బెంగళూరు మేస్త్రీ లారీ పరీక్షలకు ముందే వచ్చింది. పెద్దన్న ఎక్కలేదు. “దాని బుక్కు గొడ్లకేసింది నేనే గదా. పరీక్ష దాకా ఈడే ఉంటాం,” అన్నాడు. పరీక్షలు ముగిసేలోగా ఒక ఎద్దు పడిపోయింది. రెండోదాన్ని మేపలేక సంతలో అమ్మేశాడు.

సుంకమ్మ అన్నిట్లోనూ పాసైంది. లెక్కల్లో బడికే మొదటిది.

“ఆసుపత్రికి ఎప్పుడు పోతావు?” అన్నాను.

“పోను టీచర్. ఎద్దులు లేకుండా నాయన సేద్యం ఎట్ల జేస్తాడు? రేపు లారీ వస్తాండాది.”

పరుగున పెద్దన్న దగ్గరికి పోయి, బిడ్డను నర్సు శిక్షణకు పంపమన్నాను. ఆయన నెమ్మదిగానే అన్నాడు, “నువ్వు చెప్పేది నిజమే టీచరమ్మా. దాని కూలి లేకుంటే ఆ పిలకాయలకు కూడు నువ్వు పెడతావా?”

మరునాడు లారీలో ఆమె తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, నాకు కనబడకుండా అటు తిరిగి కూర్చుంది. మళ్లీ నేను ఆమెను చూడలేదు.

ఆ తరువాత నేను చెప్పిన ప్రతి తరగతిలోనూ కుడి పేజీతోనే పాఠం మొదలుపెట్టాను. చాలామంది గట్టెక్కారు. కానీ ఆ ఏడు నేను మోకాళ్ల మీద అడిగింది ఒక్కటే, ఈ బిడ్డ పరీక్ష పాస్ కావాలని. దేవుడు దాన్ని ఇచ్చాడు. ఆయన నా మాట పట్టుకుని, అడిగినంతే కొలిచి ఇచ్చే బేరగాడు కాడని నాకు తెలుసు. అయినా అప్పటి నుంచి ఏ బిడ్డ కోసమైనా ప్రార్థనకు కూర్చుంటే పరీక్షతో ఆపను. ఆ ఇంట్లో కూడు అడుగుతాను, వాన అడుగుతాను, ఆ తరువాతే మార్కులు.