సుల్తాన్ బీ రొట్టె ఎంక్వైరీ

మా గోదావరిఖనిలో సుల్తాన్ బీకి ఉన్నది ఒకటే పిచ్చి: పసిపిల్లల్ని కూడా బొగ్గుబావి నడిపినట్టే నడుపుతుంది. భర్త ఫరీద్ బావిలో సర్దారు. పైకప్పు గట్టిగా ఉందో లేదో కర్రతో తట్టి చూశాకే మనుషుల్ని లోపలికి పంపేవాడు. ఆయన రిటైరయ్యాడు. ఆయన ఈల మాత్రం సుల్తాన్ బీ మెడలో ఇంకా డ్యూటీ చేస్తోంది.

రెండు గదుల ఇంట్లో, పనికి పోయే తల్లులు వదిలి వెళ్లే తొమ్మిది మంది పిల్లలు. ఉయ్యాల కొక్కేన్ని మూడుసార్లు తట్టందే ఏ బిడ్డనూ పడుకోబెట్టదు. పొద్దున్నే పేర్లు పిలుస్తుంది. మాటలు రాని పిల్ల పలకకపోతే "నాగా!" అని గైర్హాజరు వేస్తుంది, ఆ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకునే.

నా మనవడు కిషన్ కూడా అక్కడే. ఏడాదిన్నరవాడు. కొడుకు డ్యూటీ కొత్తగూడెంలో, కోడలు మమతకు ఇక్కడ ఫస్టు షిఫ్టు, నాకు మోకాళ్లు లేవు. నోరుంది గానీ, నోటితో పిల్లాడి వెనక పరుగెత్తలేం కదా. సుల్తాన్ బీ వద్దంటే మమత ఉద్యోగం మానుకోవాల్సిందే.

అలాంటి చోట పిల్లల ఒంటి మీద పంటికాట్లు మొదలయ్యాయి. వారంలో మూడు. మొదటి రెండింటికీ సుల్తాన్ బీ ఎంక్వైరీ చేసింది గానీ కొరికిందెవరో తేలలేదు. మూడోది మెకానిక్ ముఖీత్ కూతురు ఇక్రా చేతి మీద పడింది. ముఖీత్ పానా చేత్తో పట్టుకునే వచ్చాడు.

"ఖాలా, కొరికినోన్ని ఇయ్యాలనే తీసెయ్యాలె!"

కిషన్ కోసం వచ్చిన నేను అందరికంటే ముందు అందుకున్నాను. "నిజమే బిడ్డా! గట్ల కొరికెటోన్ని ఎట్ల పెంచిన్రో ఏమో! మా కిషన్‌ను సూడు, పాలు తాగినా సప్పుడు రాదు."

సుల్తాన్ బీ ఈల వేసింది. "ప్రమాదమైతె బావి బంద్. ఎంక్వైరీ అయ్యేదాక ఎవ్వలు కదలొద్దు." పిల్లలంతా కూర్చున్నారు. పానాతో సహా ముఖీత్ కూడా గడపలో కూర్చున్నాడు.

పిల్లలకు తలా ఒక రొట్టె ఇచ్చి కొరకమంది. ఇక్రాను ఒళ్లో పెట్టుకుని, ఒక్కో రొట్టెనూ ఆ చేతి పక్కన ఆనించి, ఫరీద్ టోపీ లైటు వేసి చూసింది. ఐదు రొట్టెలు పక్కకు పోయాయి. ఆరోది కిషన్‌ది. పైపళ్ల మధ్య సందు. చేతి మీద గుర్తులోనూ అదే సందు. నాకు చదువు రాదు గానీ పళ్లు లెక్కపెట్టడం వచ్చు. నా కొంగు దానంతటదే పోయి కిషన్ నోటికి అడ్డం పడింది.

సుల్తాన్ బీ నా వైపు చూసింది. ఆ రొట్టెను మడిచి నోట్లో పెట్టుకుంది.

"ఖాలా, అది సాక్ష్యం!"

"ఆకలైంది బేటా." తీరిగ్గా నమిలి మింగింది. "ఎంక్వైరీ ఖతం. తప్పు మేనేజ్‌మెంటుది, నేనే సరిగ సూడలే. రేపటి సంది ఇక్రా నా ఒళ్లెనే ఉంటది. మళ్ల కాటు పడితె బావే మూసేస్త."

"నువ్వు మూస్తె మా పిల్లనెవరు సూస్తరు?" అని ముఖీత్ మెత్తబడ్డాడు.

అతను వెళ్లాక మెల్లగా అడిగాను. "మొదటి రెండు సార్లు గూడ..."

"గా రెండు రొట్టెలు గూడ తిన్న అక్కా. నాకు షుగరున్నది. వానికి దవడపండ్లు వస్తున్నయి, జల్ది తడిగుడ్డ ముడేసి నమలనియ్యి. నావల్ల ఇగ కాదు!"

ఆ సాయంత్రం తడిగుడ్డ ఇస్తుంటే కిషన్ గుడ్డ వదిలేసి నా బొటనవేలు అందుకున్నాడు.

"ఏందక్కా, ఏలికి గా గాట్లు?" అంది పక్కింటి సారవ్వ.

"కత్తిపీటకు తెగింది."

"కత్తిపీటకు పండ్లుంటయా?"

"మా దానికున్నయి. నీకేం ఫికర్?"